నాన్న చెప్పిన వాలు

నా చిన్నప్పుడు శృంగవరపుకోట దాటాక కొండల్లోకి కొత్తగా రోడ్లు వేస్తుండేవారు. మా నాన్న ఆ పనుల్లో మేస్త్రి. పని లేని రోజున కూడా నాన్న కాళ్ళు అటే పోయేవి. వెనకాల నేనూ పోయేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళుంటాయి.

పక్కింటి అక్క నర్సు. మందుల పెట్టె సైకిలు వెనక కట్టుకుని కొండమీద ఊళ్ళకు వెళ్ళి, పిల్లలకు సూదులు వేసి వచ్చేది. ఆడపిల్ల సైకిలు తొక్కడమే వింతగా చూసే రోజులవి. ఎక్కడానికి ఆమె వెనకాడేది కాదు. దిగడమంటేనే బెంగ. ఒకసారి బ్రేకు పట్టక చెట్టును గుద్దుకుని, మోచేతులు దోక్కుపోయి ఇంటికి వచ్చింది. అది చూసి మా నాన్న ఆమెకు వాలు కొలవడం నేర్పాడు.

దానికి కావలసినవి ఒక మీటరు కర్ర, సగం నీళ్ళు పోసి మూత బిగించిన సీసా, బట్టలు కుట్టేవాళ్ళ టేపు. కర్ర ఒక కొనను ఎగువ వైపు నేలకు ఆనించాలి. సీసాను కర్రమీద పడుకోబెట్టి, లోపలి నీళ్ళు సమానంగా నిలిచేదాకా దిగువ కొనను పైకి లేపాలి. అప్పుడు ఆ కొనకూ నేలకూ మధ్య ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటే వాలు అంత. ఖాళీ ఎనిమిదైతే, వంద మీటర్లు ముందుకు పోయేసరికి ఎనిమిది మీటర్లు పైకెక్కినట్టు.

"కళ్ళని నమ్మకమ్మా," అన్నాడు నాన్న అక్కతో. "పక్కన పెద్ద కొండుంటే ఎంత నిటారు రోడ్డయినా సదునుగానే కనబడతాది. కొలతే నిజం సెప్తాది. నీ బండికీ, ఆ పెట్టె బరువుకీ పది వరకూ బ్రేకులు ఆపుతాయి. పది దాటిందా, దిగి నడిసెల్లిపో."

అక్క ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంది. ఏ ఊరి దారిలో ఎక్కడ ఆరు, ఎక్కడ తొమ్మిది, ఎక్కడ దిగాలి, అన్నీ అందులో రాసుకునేది. తర్వాత ఆమె ఒక్కసారీ పడలేదు. మా నాన్న చెప్పిన లెక్క మీద ఒక మనిషి క్షేమంగా ఇంటికి వస్తోందని నాకు బడిలో అందరికీ చెప్పుకునేంత గర్వంగా ఉండేది.

మరుసటి ఏడు కొండమీదికి దగ్గర దారి మొదలుపెట్టారు. మొదట అనుకున్న ప్రకారం అది కొండను చుట్టుకుంటూ మెల్లగా ఎక్కాలి. కానీ ఆ చుట్టులో నాన్నకు పనిచ్చే కాంట్రాక్టరు బంధువుల జీడితోట పోతుంది. తోట మిగిలింది, రోడ్డు నిటారుగా ఎక్కింది. పని పూర్తయిన సాయంత్రం నాన్న కర్ర, సీసా పెట్టి కొలిచాడు. టేపు పట్టుకున్నది నేనే. పద్నాలుగు. నాన్న నమ్మలేనట్టు మళ్ళీ కొలిచాడు. ఇంకొంచెం కిందికి వెళ్ళి మూడోసారి కొలిచాడు. పద్నాలుగే. కాగితాల్లో మాత్రం పది అని రాశారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఇంటికి వచ్చే దారిలో నాన్న ఒక్క మాటే అన్నాడు.

"గుంటా, ఇది మనింట్లో మాట. బయట అనకు."

ఆ ఆదివారం కాంట్రాక్టరు మా అరుగుమీద కూర్చుని టీ తాగుతున్నాడు. అక్క నోటుపుస్తకం పట్టుకుని వచ్చి, మెట్టు దగ్గరే నిలబడి అడిగింది.

"మావా, రేపు పాత దారమ్మట ఊళ్ళన్నీ సూసుకుని ఎక్కి, వచ్చీటప్పుడు కొత్త రోడ్డున దిగుదామనుకుంతన్నాను. ఏటి కొలత?"

నాన్న కాంట్రాక్టరు వైపు చూశాడు. ఆయన గ్లాసులోంచి తలెత్తలేదు.

"పదేలే అమ్మా," అన్నాడు నాన్న.

అక్క పది అని రాసుకుంది. నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూడలేదు.

కాంట్రాక్టరు వెళ్ళాక నాన్న పక్కింటికి వెళ్ళి అసలు సంగతి చెబుతాడనుకున్నాను. వెళ్ళలేదు. మర్నాడు పొద్దున నేను కంచె దగ్గర పళ్ళు తోముకుంటుంటే అక్క సైకిలు గంట కొట్టి, "ఎంతసేపే, అరిగిపోతాయి," అని నవ్వుతూ పోయింది. నోట్లో పళ్ళపొడి ఉంది. ఉమ్మేసి పిలవడానికి ఎంతసేపు? సైకిలు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను.

బ్రేకులు బిగించి పట్టుకునే దిగిందట. సగం దూరంలో రబ్బరు కాలిన వాసన వచ్చిందట. ఆ పైన బండి ఆగలేదు. కింద మలుపులో ఉన్న కల్వర్టు గోడకు కొట్టుకుంది. కుడి మోకాలు నుజ్జయింది. ఆమెను జీపులోకి ఎత్తింది మా నాన్నే. విచారణకు ఎవరో వచ్చినప్పుడు సైకిలు బ్రేకులు ముందే అరిగిపోయి ఉన్నాయని అందరూ అన్నారు. నాన్న కూడా అదే అన్నాడు.

ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. ఉద్యోగం పోయింది. అక్క పాతపట్నంలో ఉన్న అన్నగారింటికి వెళ్ళిపోయింది. నాన్న ఆ సంగతి బతికినన్నాళ్ళూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ముసలితనంలో నాన్నకు అన్నీ నేనే చేశాను, ప్రేమగానే చేశాను. కానీ నాన్న ఏ మాట చెప్పినా, ఆ సమయంలో ఎదురుగా ఎవరున్నారా అని ముందు చూసుకునేదాన్ని. ఇప్పటికీ ఎవరు ఏం చెప్పినా అలాగే చూస్తాను.

నాన్న పోయాక, నాకు మనవలు పుట్టాక, ఒక పెళ్ళికని పాతపట్నం వెళ్ళినప్పుడు అక్కను వెతుక్కుంటూ వెళ్ళాను. అంతా చెప్పేశాను. ఆమె కాలు చాపుకుని నింపాదిగా వింది.

"మావ అబద్ధమాడినాడని దిగుతున్నప్పుడే తెలిసిపోనాదే. నువ్వు పదేళ్ళ గుంటవి, నిన్నేటంతాను," అంది.

ప్రాణం తేలికపడింది. అంతలోనే ఆమె మళ్ళీ అడిగింది.

"సర్లే గానీ, ఆ రోడ్డమ్మట ఇంకా సానామంది సైకిళ్ళ మీద దిగుంతారు కదా. తర్వాతైనా ఎవులికైనా సెప్పినావేటి?"

పెళ్ళయి నెల్లిమర్ల వచ్చేదాకా నేను ఆ రోడ్డు కింది ఊళ్ళోనే ఉన్నాను. పాలవాళ్ళు, కట్టెలవాళ్ళు, సంతకెళ్ళేవాళ్ళు దిగుతుంటే రోజూ చూశాను. ఎవరికీ చెప్పలేదు. నా మౌనం వల్ల దెబ్బతిన్నది అక్క ఒక్కతే అనుకుని, అన్నేళ్ళూ ఆమె ఒక్కదాని కోసమే బాధపడుతూ వచ్చాను. ఆ మలుపులో ఇంకెవరైనా పడ్డారేమో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. పెళ్ళికి ఆలస్యమవుతోందని అక్కతో చెప్పి ఆ రోజు లేచి వచ్చేశాను.