నీలమ్మక్క కథ, నేను గీసిన ముఖం

మొన్న ఆదోనిలో ఒక బట్టల కొట్లో చేనేత చీర మడత విప్పి నా ముందు పరిచారు. గుప్పుమని గంజి వాసన. ఉన్నట్టుండి ఎమ్మిగనూరులో నీలమ్మక్క ఇల్లు కళ్లముందు నిలిచింది. ఏమీ కొనకుండానే లేచి వచ్చేశాను.

నీలమ్మక్క మగ్గం నేసే మనిషి. మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు నడుం వాల్చిన గంటలో నోటుపుస్తకంలో దయ్యాల కథలు రాసేది. అందులో ఒకటి మాసపత్రికలో చదివి వణికిపోయాను. ఒకామె గుంటమగ్గం మీద కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి పలకలు తొక్కుతూ నేస్తుంటుంది. మిట్టమధ్యాహ్నం వంగి చూస్తే, తన రెండు కాళ్ల పక్కన మూడో కాలు. అదీ తనతోపాటే తొక్కుతుంటుంది. అది ఎవరిదో కథలో ఎక్కడా లేదు.

అప్పట్లో నేను ఆదోనిలో ఫ్లెక్సీలు డిజైన్ చేసేదాన్ని. సొంతంగా ఒక బొమ్మల కథల పుస్తకం వేయాలని కోరిక. ఆ కథనే బొమ్మల్లో పెడతానని ఫోన్లో అడిగితే అక్క "గీసుకో పాపా" అంది. హైదరాబాదులో ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు. ఆఖరి పేజీకి కాలొక్కటే చాలదనిపించి, గుంటలోంచి పైకి చూస్తున్న ఒక ఆడమనిషి ముఖం గీశాను. అట్ట మీద పెద్దక్షరాల్లో నా పేరు పెట్టుకున్నాను. 'నీలమ్మ కథ ఆధారంగా' అన్నది లోపలి పేజీలో, చీమలంత అక్షరాల్లో. బొమ్మలు నావి, భయపెట్టే ముఖం నాది, కాబట్టి పుస్తకమూ నాదే అనుకున్నాను.

అచ్చుకు పంపే ముందు నమూనా ప్రతి చూపించడానికి ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్క మగ్గం మీదే కూర్చుని పేజీలు తిప్పింది. అట్ట మీద నా పేరు చదివి లోపలికి తిప్పుకుంటూ పోయింది. ఆఖరి పేజీ దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈమె సెవి తెగినట్టు గీసినావే. నీకెవురు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదక్కా. చెయ్యి అట్లా పోయింది."

"ఇది మా యక్క, శారదక్క. సిన్నప్పుడు సెవికమ్మ మగ్గం దారాలకు తగులుకోని సెవి తెగిపోయినాది. ఆయమ్మ సచ్చిపోయి పన్నెండేండ్లు. ఫొటో గూడా ల్యాదు మా యింట్లో."

ఆమె కాళ్లున్న గుంటలోకి చూడడానికి ధైర్యం చాల్లేదు. అక్క మాత్రం పేజీ మీంచి కళ్లు తిప్పకుండా మెల్లగా చెప్పింది.

"ఈ కత నాది కాదు పాపా. నేస్తా నేస్తా శారదక్క సెప్తాండె. ఆయమ్మకు రాసేది రాదు. పోయినాక నేను రాసి నా పేరు పెట్టుకున్యా. ముకం రాస్తే యాడ ఆయమ్మ బయటపడతాదో అని కాలొక్కటే రాసినా. నువ్వు ముకం ఈడికి తెచ్చి పెట్టినావు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె పేరును నేను చీమంత చేశాను. ఆమె తన అక్క పేరును అసలే లేకుండా చేసింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరం కూర్చుని అట్ట మార్చాం. చెప్పింది శారద, రాసింది నీలమ్మ, గీసింది నేను. మూడు పేర్లూ ఒకే కొలత అక్షరాల్లో. "చదువు రాదు, మనిషీ లేదు, ఆమె రచయిత ఎలా అవుతుందండీ?" అని ప్రచురణకర్త ఫోన్లో విసుక్కున్నాడు. అయితే మీరు వేయొద్దన్నాను. ఏడాది తర్వాత వేరేవాళ్లు మేం కోరినట్టే వేశారు. మొదటి ప్రతి చేతికిస్తే, అక్క శారదక్క పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.

నిరుడు జబ్బుపడ్డప్పుడు అక్క నాకు ఇంకో కథ చెప్పింది. "ఇది మా యక్కది గాదు. ఎవురు సెప్పినారో గ్యాపకం ల్యాదు. కనుక్కోని, అడిగి గీయి" అంది. వారానికే పోయింది.

ఇప్పుడు ఏ కథనైనా బొమ్మల్లో పెట్టే ముందు, అది ఎవరి నోట పుట్టిందో వెతకడం నాకు అలవాటైంది. అక్క చెప్పిన ఆ కథ కోసం ఎన్నో ఊళ్లు తిరిగాను. అందరూ "మా అవ్వ సెప్తాండె" అన్నవాళ్లే. పోయిన నెల చిప్పగిరి దగ్గర ఒక పల్లెలో, అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్న ఒక ముసలమ్మ ముందు కథ మొదలుపెట్టాను. మిగతాదంతా ఆమే చెప్పేసింది. నీకెవరు చెప్పారవ్వా అని ఆశగా అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే గదమ్మా. పోయిన తూరి వచ్చినప్పుడు ఈడనే కూసోని సెప్తివి."

నేను ఆ పల్లెకు వెళ్లడం అదే మొదటిసారి.

ఆ కథకు ఇంతవరకూ ఒక్క గీత కూడా గీయలేదు. ఎవరి పేరు రాయాలో తెలియని చోట నా పేరు రాసుకోవడం ఎంత సులువో నాకు తెలుసు. ఆ అరుగు మీద నాకంటే ముందు వచ్చి కూర్చున్నది ఎవరో తెలిసేదాకా, దాన్ని ఇలా మోస్తూనే ఉంటాను.