ఆయమ్మ ఎత్తి చూసిన సంచి

ఎల్బీనగర్‌లో మేం చదివిన కాలేజీలో ఊడ్చే ఆయమ్మకు ఒక అలవాటుండేది. చెత్త సంచి మూతి కట్టేముందు ఒంటిచేత్తో పైకెత్తి, బరువు చూసి "ఊఁ" అనేది.

ఫైనలియర్‌లో మేమొక యాప్ చేశాం. తమ క్లాసు ముందున్న నీలం డబ్బాలో ప్లాస్టిక్ సీసా వేసి ఫొటో పెడితే ఆ క్లాసుకు పాయింట్లు వస్తాయి. వారం తిరక్కుండానే ఫొటోలు వచ్చిపడ్డాయి. మురిసిపోయి ఆయమ్మకూ చూపించాం.

ఆవిడ ఫోన్ చూసి, పక్కనున్న నీలం డబ్బాలోని సంచి ఎత్తింది.

"గిన్ని సీసలేస్తే సంచి గింత అల్కగ ఎట్లుంటది బిడ్డా? ఏసిందే తీసి మల్ల ఏస్తుండ్రు."

నిజమే. ఏ ఫొటో చూసినా అదే సొట్ట సీసా. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కూర్చుని అంత ప్రోగ్రాం రాసిన మేం ఒక్కసారీ డబ్బాలోకి తొంగి చూడలేదు.

యాప్ మార్చాం. ఆయమ్మ సంచి ఎత్తి చూసి, తన ఫోన్‌లో నొక్కితేనే పాయింట్లు. మొదటిరోజు మా క్లాసు సంచే ముందు ఎత్తింది. "ఊఁ" అనలేదు. మా మొహాలకేసి చూసింది. యాప్ చేసినవాళ్లం కదా, మొహమాటపడుతుందిలే అని నవ్వాం.

"ఏమనుకోకుండ్రి బిడ్డా" అని సున్నా నొక్కింది.