కోత చిన్నదైతే

నా తోటికోడలు పెట్టి పుట్టిందని అది కాపురానికొచ్చిన రోజే అనుకున్నాను. నాకంటే తెలుపు, నాకంటే పొడుగు, అత్త చేతి మొదటి ముద్ద దానికే. చివరికి రోగంలో కూడా అదే గెలిచింది చూడండి!

నాకు క్లోమంలో కేన్సర్ గడ్డ తేలినప్పుడు విశాఖపట్నంలో కడుపు నిలువునా కోసి తీశారు. నెలల తరబడి వంగలేకపోయాను, నవ్వితే కుట్లు లాగేవి. మరుసటేడు దానికీ అదే చోట గడ్డ. దానికి మాత్రం రోబోతో చేశారు. డాక్టరు పక్కన కూర్చుని మీటలు తిప్పుతుంటే మరచేతులు లోపల కోశాయట. పొట్ట మీద నాలుగైదు చిల్లులు, ఒక చిన్న గాటు, అంతే. కొద్ది రోజులకే అరకు స్టేషన్లో రైలు దిగి ఆటో దాకా నడిచొచ్చింది. నా ఒళ్ళు మండిపోయింది.

మా కొండల్లో ఆపరేషనైన మనిషిని చూడటానికొస్తే గాయం చూడకుండా వెళ్ళరు. కోతను బట్టే జబ్బును కొలుస్తారు. నాది చూసి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు, కోడిపెట్టలు తెచ్చిచ్చారు. దానిది చూసి, "ఓసి, ఇంతేనేటి! పిల్లగుంటలు ఆడుకుంటే ఇంతకంటే పెద్ద దెబ్బలు తగుల్తాయి" అని నవ్వారు. అదీ నవ్వింది. కాఫీ పళ్ళు కోసే రోజులు రాగానే బుట్ట పట్టుకుని వాళ్ళతో తోటకు పోయింది.

ఆపరేషన్ తర్వాత కీమో ఎక్కించుకోవాలని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు. నేను వాంతులు చేసుకుంటూనే అంతా ఎక్కించుకున్నాను. అది రెండుసార్లు వెళ్ళి మానేసింది.

"బేగి ఎల్లి మందెక్కించుకోవే. కోత చిన్నదైతే జబ్బు చిన్నదైపోద్దేటి?" అన్నాను.

"నీకంటే బేగి లేసి తిరుగుతన్నానని కుళ్ళు నీకు. నాను కూడా మంచాన పడితే సూడాలని."

కుళ్ళు లేదని ఎలా చెప్పను? ఊరందరికీ తెలుసు. ఎంత నిజం చెప్పినా నా నోట్లోంచి వస్తే అది ఏడుపే. దాని మొగుడికి చెప్పినా అదే మాటన్నాడు.

మొన్న దాని స్కాన్‌లో కాలేయానికి పాకిందని తేలింది. ఇక కోసి లాభం లేదన్నారు.

నిన్న నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, "నీ కోత ఒకసారి సూపించక్కా" అంది. చీర జరిపాను. మచ్చ పొడవునా వేలు పెట్టి రాసింది.

"నీకేటి, నువ్వుంటావు" అంది.

దాని కళ్ళలో అసూయ. ఒక్కసారైనా అది నన్ను చూసి కుళ్ళుకోవాలని నేను మొక్కని దేవత లేదు. ఇదిగో, ఇప్పుడు దొరికింది. "నాకొద్దే" అంటూ దాన్ని పట్టుకుని ఏడ్చాను.