తెల్లారగట్ల సీసాలో రంగు

పొద్దున్నే పక్క చెరువు నుంచి కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. అడుగు బురద చెడిందన్నమాట. ఈ వాసన తగిలితే నాకు సుశీల మేడమ్ గుర్తొస్తారు. యానాంలో ఓ చిన్న ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఐదో తరగతితో బడి మానేసి, పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా చదువుకున్నవాణ్ణి. రసాయనాన్ని ఒక గదిలో, ప్రాణాన్ని ఇంకో గదిలో పెట్టి మధ్యలో గోడ కట్టడం ఏం చదువండీ? ఆ గోడ దాటిన మనిషిని ఆవిడనొక్కరినే చూశాను.

ఓ ఏడు యానాం ఫరంపేటలో నా చెరువులో తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి, కొన్ని చచ్చిపోతున్నాయి. ఆ పంట పోతే చెరువు వదులుకోవడమే. పై చెరువువాడే ఏదో మందు కలిపాడని నేను తగువుకు బయల్దేరుతుంటే, సంగతి విని మేడమ్ కెమిస్ట్రీ, జువాలజీ పిల్లల్ని కలిపి ప్రాక్టికల్‌కని నా గట్టు మీదికి తీసుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం నీళ్ళు పట్టి, ఆక్సిజన్ ఎంతుందో తెలిపే మందులు వేస్తే సీసాలో ముదురు గోధుమరంగు తేలింది.

“ఆక్సిజన్ బోల్డంత ఉంది మేడమ్!” అన్నాడు కెమిస్ట్రీ కుర్రాడు.

“ఉంటే పొద్దున్న రొయ్యలు పైకెందుకొచ్చాయిరా, షికారుకా?” అంది ఆ పేటలోనే ఉండే జువాలజీ అమ్మాయి. తెల్లారగట్ల తను కళ్ళారా చూసిందట.

“ఇద్దరూ ఒకే వేళప్పుడు చూడండర్రా,” అన్నారు మేడమ్.

“కాలేజీ పదింటికి కదండీ!” అంది ఇంకో అమ్మాయి.

“ఆ సంగతి చెరువుకి తెలీదు కదమ్మా.”

మర్నాడు పొద్దు పొడవకముందే అందరూ వచ్చారు. అవే మందులు వేస్తే సీసాలో రంగు తేలలేదు, నీళ్ళు కలిపిన పాలలా ఉంది. అంటే ఆక్సిజన్ దాదాపు లేదన్నమాట. నీళ్ళలోని పచ్చటి నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుందనీ, రాత్రి అదే పీల్చేసుకుంటుందనీ చెప్పి, మేడమ్ నా వైపు తిరిగారు.

“బాబాయ్ గారూ, నీళ్ళు చిలికి గాలి కలిపే ఈ ఏరేటర్లు ఎప్పుడు తిప్పుతారు?”

“ఎండలోనండి. ఉడికిపోతాయి కదండీ పాపం. చీకటి పడితే నీళ్ళు చల్లబడతాయని ఆపేత్తానండి.”

“ఊపిరాడేటప్పుడు విసిరి, ఆడనప్పుడు విసనకర్ర దాచేస్తున్నారన్నమాట!”

పిల్లలు గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ సీసా నా చేతిలోనే ఉంది, దానితో ఏం తగువాడను? ఆ రోజు నుంచి రాత్రిళ్ళు ఏరేటర్లు తిప్పాను, మిగిలి కుళ్ళకుండా మేత తగ్గించాను. రొయ్యలు అడుగుకి దిగాయి. పంట నిలిచింది.

మరుసటేడు ఆ ప్రాక్టికల్ ఆగిపోయింది. దానికి మార్కులు ఏ డిపార్ట్‌మెంటు వెయ్యాలో తేలలేదట! ఆ మాట చెప్పి మేడమ్ నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పటికీ ఎవడి మీదైనా కోపమొస్తే, తగువుకు వాడి చెరువు గట్టెక్కే ముందు తెల్లారగట్ల నా నీళ్ళు చూసుకుంటాను. చాలాసార్లు అక్కడే ఆగిపోతాను. ఆ కాలేజీ విషయంలో మాత్రం ఎన్నిసార్లు చూసుకున్నా కోపం తగ్గలేదు.