పాదాలకు మొక్కాను, అరికాలు చూడలేదు

ఆ రోజు పొద్దున పూజగది ముందు బండలు తుడుస్తుంటే గుడ్డకు ఎర్రగా నెత్తురు అంటింది. మా ఆయన అప్పుడే స్నానం చేసి ఆ దారినే పోయాడు. అయ్యప్ప మాల వేసుకుని పదిహేను రోజులైంది. కాళ్లకు చెప్పుల్లేవు, పదేళ్లుగా షుగర్ ఉంది.

ఆయన ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చేశాడు. మైదుకూరులో బోరు మోటార్ల వైండింగ్ షాపు పెట్టాడు. ఎవరిదైనా మడి ఎండిపోతోందంటే అన్నం కూడా మానేసి మోటారు ముందు కూర్చునేవాడు. పిల్లలిద్దరినీ ఆ షాపు మీదే చదివించాడు. మొండితనంలో మాత్రం ఆయనకు సాటి ఎవరూ లేరు, నేను తప్ప.

"స్వామీ, కాలు ఒకసారి ఎత్తండి, చూస్తా" అన్నాను. మాలలో ఉంటే భార్య కూడా స్వామీ అనే పిలవాలి.

"ఏమీ లేదులే. నొప్పే లేదు. నువ్వు తాకగూడదు" అన్నాడు.

దీక్షలో ఉన్న మనిషి కదా అని ఊరుకున్నాను. నొప్పి తెలియకపోవడమే జబ్బని నాకేం తెలుసు! తొమ్మిది రోజులకు చలిజ్వరం వచ్చింది, గదంతా ఒకటే వాసన. ఇక నా వల్ల కాలేదు. నియమాలు పక్కన పెట్టి కాలు పట్టుకుని తిప్పి చూశాను. బొటనవేలి కింద నల్లగా గుంత. ఏటా నోముకు ఆ పాదాలకు మొక్కినదాన్ని, అరికాలు చూడటం అదే మొదలు. నా మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు.

ఇరుముడి కట్టుకుని కొండకు పోయి వచ్చేదాకా ఆసుపత్రికి రానన్నాడు. మాల వేసిన గురుస్వామికి ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు.

"కాలుంటేనే కదా స్వామీ కొండెక్కేది. మాల నేనే తీస్తాండా. పాపముంటే నాది" అన్నాడు.

కడపలో చూపిస్తే కర్నూలుకు పొమ్మన్నారు. అక్కడ ఎక్స్‌రేలో చిన్న రాగితీగ ముక్క కనిపించింది. షాపులో మోటార్లకు తీగ చుట్టేచోట దిగినట్టుంది. "డయాబెటిక్ న్యూరోపతి అమ్మా, స్పర్శ పోయింది. గ్యాంగ్రీన్ మొదలైంది, వేలు కుళ్లిపోతోంది" అన్నారు డాక్టరు. ముందు వేలు తీశారు. డ్రెస్సింగులు, ఇన్సులిన్, కుళ్లిన కండ కోసి తీసే డీబ్రైడ్‌మెంట్. వారం రోజులు బాగుందనుకున్నాం, మళ్లీ విషం రక్తంలోకి పాకింది, సెప్సిస్ అన్నారు. కాలా, మనిషా తేల్చుకోమన్నారు. మోకాలి కింద తీసేయడానికి సంతకం నేనే పెట్టాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఏడ్చాడు. "ఆర్మీలో మార్చ్ అయినాక అందరి అరికాళ్లూ నేనే చూస్తాంటి. నాది చూసుకోలేదు" అన్నాడు.

కృత్రిమ కాలుతో ఐదేళ్లు షాపు నడిపాడు. షుగర్ ఉన్న రైతు వస్తే, మోటారు సంగతి తర్వాత, "ఏమప్పా, చెప్పు తీసి కాలెత్తు" అనేవాడు. నవ్వుతూనే ఎత్తేవాళ్లు. తర్వాత నాకూ షుగరని తేలింది. ఆ రోజు నుంచి రోజూ నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని వేలు వేలు చూసేవాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారని కాలు లాక్కోబోతే, "డ్యూటీ చేస్తాండా, కదలొద్దు" అనేవాడు.

పోయినేడు గుండెపోటుతో వెళ్లిపోయాడు. షాపు మా పెద్దవాడు చూసుకుంటున్నాడు.

షుగర్ ఉన్నవాళ్లు రోజూ అరికాళ్లు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి. చూసే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం సిగ్గుపడకుండా కాలు ఇవ్వండి. నేను అద్దంలో చూసుకుంటున్నాను.