తడి బండలు

తాడిపత్రిలో నాకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఈమధ్య బెంగళూరులో ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి నా లోడు వెనక్కి పంపింది. బండల్లో పగుళ్లట. ఇంకొక్కసారి ఇలా జరిగితే మీ దగ్గర కొనడం మానేస్తామని ఫోనులోనే తేల్చేశారు. నా ఫ్యాక్టరీ నడిచేదే వాళ్ల ఆర్డర్ల మీద. నాకు అన్నం సయించలేదు.

మొదట లారీ డ్రైవర్ని అనుమానించాను. గుంతలు చూడకుండా తోలి ఉంటాడు. తర్వాత లోడు ఎత్తేవాళ్లను. ఆ తర్వాత పక్క ఫ్యాక్టరీ వాణ్ణి. మావాళ్లలో ఎవడికో ఆశపెట్టి నా సరుకు చెడగొట్టిస్తున్నాడనుకున్నాను. మా మేస్త్రీ ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, నా చెవులు అటే పోయేవి.

అప్పుడే అనంతపురంలో వ్యాపారస్తులకు ఆత్మపరిశీలన శిక్షణ ఒకటి పెట్టారు. వద్దన్నా వినకుండా నా బావమరిది లాక్కుపోయాడు. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకున్న ఒకాయన ఏసీ హాల్లో మమ్మల్నందరినీ కళ్లు మూసుకోమన్నాడు. నేను ఒక కన్ను తెరిచే ఉంచాను. కళ్లు మూయించేవాళ్లను నేను నమ్మను.

"మీ దగ్గర పనిచేసేవాళ్లు చెడ్డవార్త మీకు ధైర్యంగా చెప్పగలరా? మీకు మీరే పదికి మార్కులు వేసుకోండి" అన్నాడు.

పదికి పది వేసుకున్నాను. లేచి నిలబడి కారణం కూడా చెప్పాను. "మావాళ్లకు నేనంటే అంత గౌరవం సార్. నా బండి గేటు దాటేలోపల యార్డంతా నీళ్లు కొట్టి పెట్టింటారు, నా మీద దుమ్ము పడకూడదని. నీళ్లు ట్యాంకరుతో తెప్పించుకుంటాం, అయినా సరే!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కొట్టలేదు. "మీరు రాని రోజు కూడా కొడతారా?" అని అడిగి, పక్కాయన వైపు తిరిగాడు.

బండల సంగతి వీడికేం తెలుసని దారంతా తిట్టుకున్నాను. కానీ ఇంటికొచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను రాని రోజు వాళ్లకు దుమ్ము లేదా? మరి ఆ నీళ్లు ఎందుకు?

మామూలుగా యార్డులో ఒక చుట్టు తిరిగి, భేష్ అని, ఆఫీసు గదిలోకి పోయేవాణ్ణి. మర్నాడు యార్డులోనే కుర్చీ వేయించుకున్నాను. మేస్త్రీ ముఖం మారింది.

"ఎండగా ఉండాదన్నా, లోపలికి పో" అన్నాడు. టీ తెప్పించాడు. కాసేపటికి మళ్లీ తెప్పించాడు. ఇంత మర్యాద ఎందుకా అని నా అనుమానం ఇంకా పెరిగింది.

మా ఎండకు తడి ఎంతసేపు ఆగుతుంది? పొద్దున కొట్టిన నీళ్లకు నల్లగా మెరుస్తున్న బండలు మెల్లగా తెల్లబారాయి. బండ పైన ఆరినా పగుల్లోకి దిగిన నీరు అంత తొందరగా ఆరదు. ఆనించి పెట్టిన బండల మీద ఒకదాని తర్వాత ఒకటి సన్నటి నల్ల గీతలు తేలాయి. పూర్తిగా తడిసిన బండలో పగులు కనపడదని, ఆరేటప్పుడే చూడాలని మా నాయన నాకు మొట్టమొదట నేర్పిన పాఠం. అదే నీళ్లను చూసి ఇన్నాళ్లూ గౌరవమని మురిసిపోయాను.

"ఏమప్పా, నన్ను మోసం చేస్తాండావా?" అని అరిచాను.

మేస్త్రీ తల దించలేదు. "మోసం కాదన్నా. రాయి గనిలోనే పగిలింటాది, కోతలోనూ పగుల్తాది. నువ్వు వస్తానే ఎవడు చేసినాడంటావు. మొన్న మిషన్ కాడ ఉన్నోణ్ణి గేటు బయటికి తోలినావు. వాడు ముట్టుకోకముందే పగిలిండె ఆ రాయి. ఇంగ నీకెవడు చెప్తాడు?"

కోపం, సిగ్గు రెండూ వచ్చాయి. ముందు వచ్చింది కోపమే. దాన్ని మింగి, "రేపట్నుంచి నీళ్లు కొట్టొద్దు. పగిలినవి నా కండ్ల ముందర పెట్టండి. ఎవర్నీ ఏమీ అనను" అన్నాను.

"సరేలేన్నా" అన్నాడు. నమ్మినట్టు లేడు. ఇప్పుడు అనుమానించడం అతని వంతైంది.

మర్నాడు గేటు దాటగానే కళ్లనిండా దుమ్ము. యార్డు పొడిగా ఉంది. పగిలిన బండలన్నీ నాకు ఎదురుగానే పెట్టారు. మధ్యలో బెంగళూరుకు పోవలసిన పెద్ద బండ, ఈ మూల నుంచి ఆ మూలకు చీలి ఉంది. 'ఇప్పుడేం చేద్దాం' అని అడగాలని కారులో దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాను. బండి దిగి నోరు తెరిచాను.

"ఎవడప్పా ఇది చేసింది?"

మేస్త్రీ వంగి నీళ్ల పైపు అందుకున్నాడు.