పక్కింటి తెల్ల పరదా

కరీంనగర్‌లో మా పక్కింటాయనకు ఎరువుల దుకాణం ఉంది. నాలుగు డబ్బులు చేరగానే తాతలనాటి పెంకుటిల్లు కూలగొట్టించడం మొదలుపెట్టాడు. కూల్చుకోనీ, ఇల్లు అతనిది. కానీ లేచిన మట్టీ సున్నమూ అంతా మా ముందుగదిలోకి వచ్చేది. అక్కడే నన్ను కన్న మా అవ్వ మంచం. ఆమెకు దమ్ము రోగం. దుమ్ము తగిలితే ఊపిరి అందదు.

వెళ్లి చెప్పాను. "తమ్మీ, అవ్వకు దమ్ము ఆడుతలేదు. పరదా కట్టించి పని చేపియ్యి."

"గింత దుమ్ముకే పరేషానా అన్నా? కట్టిస్త తియ్," అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. తల ఎత్తకపోవడం నేను మరిచిపోలేదు.

మర్నాడు పరదా వచ్చింది. కూల్చేచోట కట్టే ఆకుపచ్చ వల కాదు, వాళ్ల బావమరిది టెంట్‌హౌస్‌లోని తెల్లగుడ్డ! మా గేటు వరకూ కట్టించాడు. పరదా అంటే ఆ మహానుభావుడికి తెలిసింది అదే. గాలి వీచినప్పుడల్లా అది లేచి, పట్టిన దుమ్మునంతా మా ఇంట్లోకే దులిపేది.

"గిదేం పరదా?" అని అడిగితే, "మంచి గుడ్డ అన్నా, సర్పంచ్ బాపు దినాలకు గిదే కట్టినం," అన్నాడు.

మా వాడలో ఇంటి ముందు తెల్లగుడ్డ కనబడితే ఎవరో పోయినట్టే లెక్క. ఆ పొద్దున మందమర్రి నుంచి మా మేనత్త కూతురు అవ్వను చూడవచ్చింది. గేటు దగ్గరే కూలబడి శోకం అందుకుంది.

"ఓ అత్తా! ఒక్కమాట చెప్పకుండ పోతివా!"

లోపలి నుంచి అవ్వ దగ్గుకుంటూనే అరిచింది. "ఇంక పోలేదే బిడ్డా! గా గుడ్డ ఇప్పిచ్చు, లేకుంటే ఇయ్యాల్నే పోత!"

వాడంతా నవ్వింది. నేను నవ్వలేదు.

పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు, అవ్వ ఎట్లుందని అడగడానికి కాదు. "కొత్తింటికి ముగ్గు పోయకముందే నా జాగ కాడ సావు ఏడుపేందే అన్నా!"

మధ్యాహ్నానికల్లా తెల్లగుడ్డ పోయింది. గోడకంటే ఎత్తుగా ఆకుపచ్చ వల లేచింది. మట్టి మీద నీళ్లు చల్లే మనిషి కూడా వచ్చాడు. అవ్వ ఊపిరికి దొరకని వల ఆయన శకునానికి దొరికింది.

సాయంత్రం అవ్వ దిండుకు ఆనుకుని, మధ్యలో ఆగకుండా చాయ్ తాగింది. పక్కింటాయన మా కిటికీ దగ్గర నిలబడి, "ఇప్పుడు ఖుషీయేనా అన్నా?" అన్నాడు, నేనేదో రుణపడినట్టు.

"మూలకు వల ఊడింది. కట్టియ్యి," అన్నాను.